మాంగా చదివేశాక ‘డీమన్ స్లేయర్’ చూడటం: గడియారం ఎవరి చేతిలో ఉంది?

ముందే ఒక మాట. ‘కిమెత్సు నో యైబా’, అంటే అందరూ ‘డీమన్ స్లేయర్’ అని పిలుచుకునే మాంగాను (జపాన్ కామిక్‌ను) చివరి పేజీ దాకా చదివేసినవాళ్ల కోసం రాస్తున్నది ఇది. చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది, ఎందుకంటే కింద దేన్నీ దాచలేదు.

కొయొహారు గొతోగె గీసిన ఈ కథ 2016 ఫిబ్రవరిలో ‘వీక్లీ షోనెన్ జంప్’లో మొదలై 2020 మే నెలలో ముగిసింది. మొత్తం 205 చాప్టర్లు, 23 వాల్యూములు. దాని యానిమేను, అంటే యానిమేషన్ రూపాన్ని, తీస్తున్నది యూఫోటేబుల్ స్టూడియో, దర్శకుడు హరువో సొతొజాకి. వాళ్లు 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. 2025 జూలైలో జపాన్‌లో విడుదలైన ‘ఇన్ఫినిటీ కాజిల్’ సినిమాతో కూడా ఆఖరి యుద్ధంలో మొదటి అంకమే అయింది. నాలుగేళ్లలో చెప్పేసిన కథను తెర మీదికి తేవడానికి ఆరేళ్లు దాటినా చాలలేదన్నమాట.

ఈ లెక్కే అసలు విషయం. ఎవరు గెలుస్తారో, ఎవరి తల తెగుతుందో తెలిసిపోయాక చూడటానికి ఇంకేం మిగిలింది అని చాలామంది అడుగుతారు. మిగిలింది కాలం. పుస్తకం చదివేటప్పుడు గడియారం మన చేతిలో ఉంటుంది. నచ్చిన ప్యానెల్ దగ్గర రెండు నిమిషాలు ఆగుతాం, నచ్చని డైలాగును కంటిచూపుతో దాటేస్తాం. తెర మీద ఆ గడియారం దర్శకుడి చేతికి వెళ్లిపోతుంది. మనం దాటేసిన చోట ఆయన ఆగుతాడు, మనం ఆగిన చోట ఆయన పరుగెత్తుతాడు. చదివినవాళ్లకు యానిమే నచ్చినా, విసుగు పుట్టినా, తొంభై శాతం కారణం ఇదే.

అంకెల్లో చూద్దాం. మామూలు ఎపిసోడ్ 24 నిమిషాల లోపు. ముందు పాట, చివరి పాట చెరో నిమిషంన్నర, తర్వాతి భాగం ముచ్చట ఇంకొంచెం. కథకు మిగిలేది ఇరవై నిమిషాలు. మొదటి సీజన్ 26 ఎపిసోడ్లలో దాదాపు 53 చాప్టర్లు పట్టించారు కాబట్టి చాప్టరుకు పది నిమిషాలు. వారపత్రికలో చాప్టర్ అంటే సుమారు 19 పేజీలు, అంటే పేజీకి అర నిమిషం. ఫైట్ పేజీని మనం పది సెకన్లలో తిప్పేస్తాం. మూడు రెట్ల సమయాన్ని ఏదో ఒకదానితో నింపాలి. దేనితో నింపారో చూడటమే చదివినవాడి సరదా.

‘హషిరా ట్రైనింగ్’ సీజన్ దగ్గర ఈ లెక్క అడ్డం తిరుగుతుంది. హషిరాలంటే రాక్షసులను వేటాడే దళంలో అగ్రశ్రేణి ఖడ్గవీరులు. 128వ చాప్టర్ నుంచి 140కి అటూఇటూ, అంటే డజను చాప్టర్లకు ఎనిమిది ఎపిసోడ్లు ఇచ్చారు. అందులో మొదటిదీ చివరిదీ మామూలుకన్నా పొడవు. చాప్టరుకు దాదాపు రెట్టింపు సమయం. సానెమి, ఒబానై అనే ఇద్దరు హషిరాలు కలిసి రాక్షసులు నిండిన పాత కోట మీద పడే ఆరంభ దృశ్యం మాంగాలో వెతక్కండి, లేదు. శిక్షణ ఘట్టాలు చాలావరకు సాగదీసినవే. రోజుకో ఎపిసోడ్ చూస్తే ఓపిక నశిస్తుంది, రెండు మూడు కలిపి చూసేస్తే ఇబ్బంది ఉండదు. అయితే ఆ సీజన్‌లోనే సాగదీత పండిన చోటు కూడా ఉంది. రాక్షసుల మూలపురుషుడు ముజాన్, వేటగాళ్ల దళాధిపతి ఉబుయాషికి ఇంటికి నడిచి రావడం. పేజీ మీద అతను వచ్చేసి ఉంటాడు, అంతే. తెర మీద నడుస్తాడు, ఇంకా నడుస్తాడు, సంగీతం వెంట నడుస్తుంది. ఎక్కడికి వెళ్తున్నాడో, ఆ ఇంట్లో అతని కోసం ఏం సిద్ధం చేసి ఉంచారో చదివినవాడికి తెలుసు కాబట్టి ఒక్కో అడుగూ బరువుగా పడుతుంది. చదవనివాడికి అది అందమైన నడక మాత్రమే.

ఏది ఎక్కడ ఆగుతుందో తెలిస్తే పుస్తకం తిరగేయడం సులువు. మొదటి సీజన్ ఏడో వాల్యూమ్ మొదట్లోనే ఆగిపోతుంది. ‘ముగెన్ ట్రైన్’ ఏడు, ఎనిమిది వాల్యూముల్లో, 54వ చాప్టర్ నుంచి 66 దాకా. ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ కథ 70 నుంచి 97, అంటే పదకొండో వాల్యూమ్ ఆఖరు దాకా. స్వోర్డ్‌స్మిత్ విలేజ్ 98తో, పన్నెండో వాల్యూమ్ మొదటి పేజీతో మొదలై 127 దగ్గర ఆగుతుంది. ‘ఇన్ఫినిటీ కాజిల్’ మొదటి సినిమా పదహారో వాల్యూమ్ చివరి భాగంలో మొదలై పద్దెనిమిదో వాల్యూములో ఆగుతుంది.

చూసే వరుసలో అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. ‘ముగెన్ ట్రైన్’ రెండు రూపాల్లో దొరుకుతుంది: 2020 అక్టోబరులో వచ్చిన 117 నిమిషాల సినిమా, 2021లో దాన్నే ముక్కలు చేసి టీవీకి ఇచ్చిన ఏడు ఎపిసోడ్లు. రెండూ చూడక్కర్లేదు. సినిమానే చూడండి. అది ఒక్క ఊపిరిలో సాగాల్సిన కథ. కలలో మొదలై తెల్లవారుజామున ముగిసే ఒకే రాత్రిని వారానికో ముక్క చొప్పున కోస్తే, అందులోని హషిరా రెంగోకు చివరి మాటలకు రావాల్సిన బరువు రాదు. ఒక్క మినహాయింపు ఉంది. టీవీ రూపంలో మొదటి ఎపిసోడ్ పూర్తిగా కొత్తది, రెంగోకు రైలు ఎక్కే ముందు జరిగిన కథ, మాంగాలో లేదు. ఆ ఒక్కటి ముందు చూసి, తర్వాత సినిమా పెట్టుకోవడం ఉత్తమం.

ఇక సీజన్ల మధ్య థియేటర్లలో వేసిన సంకలనాలు ఉన్నాయి. 2023లో వచ్చినదాంట్లో ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ చివరి రెండు ఎపిసోడ్లు, స్వోర్డ్‌స్మిత్ విలేజ్ మొదటి ఎపిసోడ్. 2024 నాటిది కూడా అదే పద్ధతి. పేరు చూసి కొత్త సినిమా అనుకుని కూర్చుంటే చూసినదే మళ్లీ చూస్తారు. సీజన్లు పూర్తిగా చూసేవాళ్లు వీటిని వదిలేయవచ్చు.

పుస్తకాన్ని ఎప్పుడు తెరవాలి? ఎపిసోడ్‌కు ముందు మాత్రం వద్దు. ముందురోజు చాప్టర్ చదివి కూర్చుంటే బుర్ర తేడాలు లెక్కపెట్టే గుమస్తా అయిపోతుంది. ఈ డైలాగ్ తీసేశారు, ఆ నవ్వు మార్చారు అంటూ రాసుకుంటూ కూర్చుంటే దృశ్యం దాటిపోతుంది. చదివి కనీసం కొన్ని నెలలైనా గడిచాక చూడటం మేలు. కథ గుర్తుంటుంది, ప్యానెళ్లు మసకబారతాయి. ఒక ఘట్టం మొత్తం ఆపకుండా చూసి, ఆ తర్వాత వాల్యూమ్ తీయండి. అప్పుడు పోలిక పనికొస్తుంది.

పోల్చేటప్పుడు మొదట పేజీ తిప్పే చోట్లు చూడండి. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు సాగుతుంది. ఎడమ పేజీ చివరి ప్యానెల్‌లో ఉత్కంఠ పెట్టి, పేజీ తిప్పగానే కుడివైపున అసలు బొమ్మ చూపించడం మాంగా గీసేవాళ్ల పాత విద్య. తెరకు పేజీ లేదు కాబట్టి ఆ ఉలికిపాటును కట్‌తోనో, ఒక్క క్షణం నిశ్శబ్దంతోనో, ప్రకటనల విరామంతోనో సాధించాలి. యూఫోటేబుల్ ఎక్కువగా నిశ్శబ్దాన్ని నమ్ముకుంటుంది. ఫోనులో ఒక్కో పేజీ చొప్పున చదివినవాళ్లకు ఈ పేజీ మలుపు అసలు తెలిసే ఉండదు. రెండు పేజీలు పక్కపక్కన కనిపించేలా పెట్టుకుని ఒక్కసారి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇక మొదటి సీజన్ 19వ ఎపిసోడ్. దీని గురించి ఎంత రాసినా ఇంకొంచెం మిగులుతుంది. నతగుమో కొండ, రూయి అనే రాక్షసుడి దారాలు. కథానాయకుడు తంజిరో ‘నీటి శ్వాస’ అనే కత్తివిద్యలో పదో కదలికతో తిరుగుతూ వస్తాడు. తిరిగిన కొద్దీ బలం పెరుగుతుంది, నీరు డ్రాగన్ ఆకారం పట్టి పెద్దదవుతుంది. రూయి దారాలను ఎర్రగా బిగించగానే ఆ బలం చాలదని తెలిసిపోతుంది. అక్కడ తండ్రి గుర్తొస్తాడు. మంచులో, నిప్పుల వెలుగులో, రోగిష్టి మనిషి అలుపు లేకుండా చేసే హినోకామి కాగురా నృత్యం. తంజిరో కత్తి చుట్టూ నీరు నిప్పుగా మారుతుంది. ఇంకోవైపు రాక్షసిగా మారిన అతని చెల్లెలు నెజుకోకు తల్లి కనిపించి లేపుతుంది, ఆమె నెత్తురు దారాల మీద అంటుకుని మండుతుంది.

పేజీ మీద ఇవన్నీ ఒకేసారి మన ముందు ఉంటాయి. తండ్రి ఒక ప్యానెల్, తల్లి ఒక ప్యానెల్, కత్తి ఒక ప్యానెల్. కన్ను అటూ ఇటూ తిరిగి వాటిని తనే కలుపుకుంటుంది. తెరకు ఆ సౌకర్యం లేదు, ఒకదాని తర్వాత ఒకటి రావాల్సిందే. వరుసగా పేరిస్తే ఊపు చచ్చిపోతుంది. అందుకు వాళ్లు పాటను వాడారు. గో షీనా స్వరపరచగా నామి నకగావా పాడిన ‘కమాదో తంజిరో నో ఉతా’ ఆ ఎపిసోడ్‌లో మామూలు ముగింపు పాట స్థానంలో వస్తుంది. అది దృశ్యం అయ్యాక వచ్చే పాట కాదు, దృశ్యాన్ని మోసే పాట. జ్ఞాపకం, నిప్పు, నెత్తురు, కత్తి అన్నీ ఒకే రాగం మీద సాగడంతో కోతలు ఎక్కడ పడ్డాయో చెవికి తెలియదు.

చదివినవాడికి ఇక్కడ ఇంకో లాభం ఉంది. ఆ కత్తివేటుకు రూయి చావలేదని మనకు తెలుసు. వేటు పడేలోపే తన తలను తన దారంతోనే కోసుకున్నాడు. ఆ సంగతి 20వ ఎపిసోడ్‌లో బయటపడుతుంది. రెండోసారి చూసేటప్పుడు కత్తిని వదిలేసి రూయి చేతుల మీద కన్నేయండి.

నీటి గురించి ఒక వివరణ. తంజిరో కత్తి చుట్టూ కనిపించే అలలు కథలో నిజంగా పుట్టే నీళ్లు కావు. ఆ కత్తి విద్య చూసేవాళ్లకు కలిగే భావనకు రూపం అది, దానితో ఎవరూ తడవరు. గొతోగె దాన్ని ఉకియో-ఎ చెక్క అచ్చుల్లోని అలల్లా గీశారు. యానిమే కూడా అలల అంచులకు లావు సన్నమయ్యే కుంచె గీత పెట్టి, మిగతా బొమ్మ నుంచి కావాలనే వేరుగా నిలబెట్టింది. నెజుకో మంట అలా కాదు. అది రాక్షస విద్య, నిజంగా కాలుస్తుంది. 19వ ఎపిసోడ్‌లో ఈ రెండు రకాల బొమ్మలూ ఒకే ఫ్రేములో కలుస్తాయి.

యానిమే మాంగాను నిస్సందేహంగా దాటేసిన చోటు మాత్రం నా లెక్కలో 19 కాదు, అంతకుముందు 11 నుంచి 13 ఎపిసోడ్ల మధ్య వచ్చే డోళ్ల ఇల్లు. ఆ ఇంటి రాక్షసుడు క్యోగై ఒంటి మీద డోళ్లుంటాయి. కుడి భుజం డోలు కొడితే గది కుడికి తిరుగుతుంది, ఎడమ భుజానిది కొడితే ఎడమకు, కాళ్ల మీదివి కొడితే ముందుకూ వెనక్కూ, పొట్ట డోలు కొడితే గోళ్ల దెబ్బ. మాంగాలో ఈ పేజీలు గజిబిజి. ఏది నేల, ఏది గోడ అని రెండుసార్లు చూసుకోవాల్సి వస్తుంది, పుస్తకాన్ని తిప్పి చదివినా పట్టు దొరకదు. తెర మీద గది తిరుగుతుంది, డోలు చప్పుడు వినిపిస్తుంది, అంతే. ఇక్కడే ఒక చిన్న సంగతి జరుగుతుంది. క్యోగై రచయిత కూడా. అతను రాసిన కాగితాలు నేల మీద చెల్లాచెదురుగా పడతాయి. ప్రాణం మీదికి వచ్చినా తంజిరో వాటిని తొక్కడు, కాలు పక్కకు వేస్తాడు. పక్కటెముకలు విరిగిన మనిషి నొప్పి తెలియకుండా ఎలా కదలాలో, ఎలా ఊపిరి తీయాలో అలా పక్కకు అడుగేసినప్పుడే అతనికి దొరుకుతుంది. పేజీ మీద ఈ కారణం, ఫలితం వేర్వేరు ప్యానెళ్లలో ఉండి తొందరలో జారిపోతాయి. తెర మీద ఒకే కదలిక.

ఓడిపోయిన చోట్లు కూడా చెప్పుకోవాలి. తంజిరో తోటి వేటగాడు, పిరికి జెనిత్సు అరుపులు. మాంగాలో అతని ఏడుపు పెద్ద అక్షరాల బుడగ, కన్ను దాని మీంచి జారిపోతుంది, నవ్వొస్తుంది. తెర మీద హిరో షిమోనో గొంతులో అది పూర్తి నిడివితో వినాలి. నటనలో లోపం లేదు, లోపం సమయానిది. అలాగే తంజిరో మనసులో మాట. ‘వేగంగా ఉన్నాడు, దారం ఎడమనుంచి వస్తోంది’ లాంటివి మాంగాలో అవసరం, ఎందుకంటే బొమ్మ కదలదు. బొమ్మ కదిలాక కూడా అదే మాటను పలికిస్తే కళ్లముందున్నదాన్ని మళ్లీ చెప్పినట్టుంటుంది. మూలానికి అంత విశ్వాసంగా ఉండాల్సిన పని లేదు.

‘ఇన్ఫినిటీ కాజిల్’ సినిమా మీద వచ్చే ఫిర్యాదు ఏమిటంటే ఫ్లాష్‌బ్యాకులు ఫైటును ఆపేస్తున్నాయని. లెక్క చూస్తే వింతగా ఉంటుంది. 155 నిమిషాలకు పదిహేడు చాప్టర్ల దరిదాపు, అంటే చాప్టరుకు తొమ్మిది నిమిషాలు. మొదటి సీజన్ వేగమే. మరి నత్తనడక అని ఎందుకు అనిపిస్తుంది? హషిరా షినోబుకూ రాక్షసుడు దోమాకూ పోరు మూడు చాప్టర్లు, జెనిత్సుకూ రాక్షసుడైన కైగాకుకూ పోరు రెండు, మిగిలిందంతా తంజిరో, హషిరా గియు కలిసి రాక్షసుడు అకాజాతో చేసేది. మాంగాలో ఇవి వారానికో చాప్టర్ చొప్పున వచ్చాయి. చనిపోయేవాడి గతం చదివాక వారం విరామం ఉండేది, బాధ ఇంకడానికి సమయం దొరికేది. సినిమాలో ఆ వారాలు లేవు. ఒకరి కన్నీళ్లు ఆరకముందే ఇంకొకరి బాల్యం మొదలవుతుంది. వారపత్రిక కోసం అమర్చిన అతుకులు థియేటర్‌లో బయటపడతాయి. ఇంట్లో చూసేటప్పుడు జెనిత్సు ఏడో కదలిక పోరు ముగిశాక పదిహేను నిమిషాలు ఆపేసి, అకాజా ఘట్టాన్ని విడిగా చూడండి. సినిమాను ఆపి చూడటం తప్పని అనేవాళ్లుంటారు, ఈ ఒక్కదానికీ వాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు పరికరాల సంగతి, చాలామంది దీన్ని పట్టించుకోకుండా యానిమేను తిడతారు. టీవీలో కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. దాన్ని ఆపేయండి. యానిమే సెకనుకు 24 ఫ్రేములు, కానీ బొమ్మలు అన్ని ఉండవు. ఒక్కో బొమ్మను రెండు, మూడు ఫ్రేముల పాటు నిలబెడతారు, దెబ్బ తగిలే క్షణంలో ఒకే ఒక్క ఫ్రేముకు వికారమైన బొమ్మ పెట్టి ఊపు తెస్తారు. టీవీ మధ్యలో తనే బొమ్మలు కల్పించి పూడిస్తే ఆ దెబ్బ సబ్బునురుగులా జారిపోతుంది, గీతలు అంచుల దగ్గర సాగి చెరిగిపోతాయి.

రెండోది చీకటి. రాక్షసులకు ఎండ పడదు కాబట్టి పెద్ద పోరాటాలన్నీ రాత్రుళ్లే. తక్కువ వేగం నెట్‌లో స్ట్రీమింగ్ నాణ్యత పడిపోగానే నల్లటి ఆకాశం మెట్లు మెట్లుగా చీలుతుంది, పొగ గడులుగా మారుతుంది. బ్రైట్‌నెస్ పెంచితే ఆ గడులు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. గదిలో దీపం ఆర్పి, టీవీని సినిమా మోడ్‌లో పెట్టి, వీడియో నాణ్యతను ఆటోలో వదలకుండా గరిష్ఠానికి పెట్టుకోవాలి. ఉన్నట్టుండి మెరుపుల దృశ్యాలు మసకబారితే మీ టీవీ తప్పు కాకపోవచ్చు. 1997 డిసెంబరులో ఒక కార్టూన్‌లోని వెలుగుల మెరుపులకు జపాన్‌లో వందల మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యాక, టీవీకి ఇచ్చే ప్రతుల్లో గట్టి మెరుపులను తగ్గించడం అక్కడ అలవాటైంది. డిస్క్ ప్రతుల్లో చాలాసార్లు ఆ మసక ఉండదు.

సబ్‌టైటిళ్లతో చూస్తే పేర్లు తికమక పెడతాయి. మీరు చదివిన అనువాదంలో ‘స్తంభం’ అన్నది ఇక్కడ ‘హషిరా’ కావచ్చు, ఇంటిపేరు ముందుకో వెనక్కో పోవచ్చు. కదలికల పేర్ల విషయంలో అంకెను పట్టుకుంటే చాలు: ‘ఇచి నో కతా’ మొదటిది, ‘జూ నో కతా’ పదోది. గియు సొంతంగా తయారుచేసుకున్న పదకొండోది ‘నాగి’, అలలు చచ్చిన నిలువ నీరు. 20వ ఎపిసోడ్‌లో అది వచ్చినప్పుడు సంగీతం కూడా ఎలా తగ్గిపోతుందో వినండి.

చివరి పాట రాగానే తర్వాతి ఎపిసోడ్‌కు దూకేయకండి. ఆ తర్వాత వచ్చే చిన్న ముచ్చటలో ‘తైషో కాలపు గుసగుసలు’ అంటూ పాత్రలు ఏదో ఒక చిట్టి రహస్యం చెప్తాయి. మాంగా వాల్యూముల్లో చాప్టర్ల మధ్య ఖాళీ పేజీల్లో గొతోగె రాసిన గుసగుసల సంప్రదాయమే అది. ఆన్‌లైన్‌లో చాప్టర్లు మాత్రమే చదివినవాళ్లకు ఆ ఖాళీ పేజీలు దొరికి ఉండవు.

అకాజా కథ చూశాక ‘ముగెన్ ట్రైన్’ ఆఖరి అరగంట మళ్లీ పెట్టండి. రెంగోకు ఎదుట అకాజా కాలు నేలకు ఆనించగానే పాదాల కింద మంచురేకు విచ్చుకుంటుంది. 2020లో అది ఒక శక్తికి అందమైన గుర్తు. అకాజా మనిషిగా ఉన్నప్పుడు పెళ్లాడాలనుకున్న కోయుకి జడలోని పిన్ను మీద ఉన్నదీ ఆ మంచురేకే. అతనికి ఆమె పేరు కూడా గుర్తులేని రాత్రి అది.